విందుకు వెళ్ళిన జలుబు

"కుటుంబ సభ్యులకు విజ్ఞప్తి. ఈ క్షణం నుంచి ఈ ఇంట్లో ఎవరూ జబ్బు పడరాదు!"

నేను కొత్త కోడలిగా మదనపల్లెలోని అత్తవారింట్లో కుడికాలు పెట్టిన మరునాడు పొద్దున, కాఫీలకన్నా ముందు వెలువడిన ప్రకటన ఇది. ప్రకటించినవారు మా మామగారు చెంగల్రాయుడు గారు. ఆయన ఉద్యోగ జీవితమంతా బస్టాండులో మైకు ముందు గడిచింది. బి.కొత్తకోట బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, బెంగళూరు బస్సు ఎందుకు రాలేదో ప్రజలకు గంభీరంగా తెలియజేసి రిటైరయ్యారు. వచ్చేటప్పుడు మైకు అక్కడే వదిలేశారు గానీ గొంతు ఇంటికి తెచ్చుకున్నారు. చారులో ఉప్పు తక్కువైనా ఆయన విజ్ఞప్తి చేసే అడుగుతారు.

నేనా, అప్పటికింకా పారాణి ఆరనిదాన్ని. కొత్త మెట్టెలు గచ్చు మీద టిక్కుటిక్కుమంటే నాకే నవ్వొచ్చేది. ఆ సంతోషంలో, కొత్త కోడలు ప్రశ్నలు కూడా వేయవచ్చునేమో అనుకున్నాను.

"జబ్బు మనల్ని అడిగి రాదు కదా మామా?"

"ఇమ్యూనిటీ అంటే ఏమనుకుంటాండావమ్మా సుమలతా? అది వొంట్లో ఉండేది కాదు. గేటు మీద ఉండేది."

ఇదేదో పెద్దల మాట, లోతుగా ఆలోచిస్తే అర్థమవుతుంది అనుకున్నాను. లోతేమీ లేదు. ఆయన నన్ను గేటు దగ్గరికి తీసుకువెళ్ళి చూపించారు. స్తంభానికి నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు, కొత్తగా డ్రిల్లు వేసినవి. ఇంకా రాని రాయికి చోటు ముందే పట్టి పెట్టారన్నమాట, బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరినట్టు.

ఆ రాయి సంగతి చెప్పాలి. మా కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది 'ఆరోగ్య గృహం' అనే బిరుదు పెట్టింది. మంచి అలవాట్లతో రోగ నిరోధక శక్తి పెంచుకుని, పోటీ ముగిసేదాకా ఎవరికీ తుమ్ము, దగ్గు, జ్వరం రాని ఇంటికి నల్ల గ్రానైటు ఫలకం ఇస్తారు. బంగారు రంగు అక్షరాలు. అలవాట్లకు సాక్ష్యంగా రోజూ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాలి. సంఘం అధ్యక్షులు మునికృష్ణ గారు రిటైర్డు హెడ్మాస్టరు. కరోనా కాలంలో కొన్న జ్వరం తుపాకీ చేతబట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. నుదుటికి గురిపెట్టి, "సాధారణం" అని దీవించి, పక్క గేటుకు వెళతారు.

ఒక రాయి కోసం ఇంత హడావిడా అని వంటింట్లో గొణిగాను. మా అత్త సరస్వతమ్మ పోపుడబ్బా మూత పెట్టి, నా వైపు తిరిగింది.

"రాయి కోసం కాదమ్మా. గెలిచినోళ్ళ పేరు ఫంక్షన్లో మైకులో చదువుతారంట. మీ మామ ఉద్యోగమంతా మైకులో ఊర్ల పేర్లు చదివినాడు. తప్పిపోయిన పిల్లోళ్ళ పేర్లు చదివినాడు, పర్సులు పారేసుకున్నోళ్ళ పేర్లు గూడా చదివినాడు. ఆయన పేరు ఎవురన్నా ఒకసారి చదివితే గదా. రిటైరయిన దినం చదువుదామని అందురూ నిలబడినారు. కరెంటు పోయింది."

ఆ మాట విన్నాక నాకూ ఆ రాయి కావాలనిపించింది. మనస్ఫూర్తిగా ఆరోగ్యవంతురాలినవుదామని నిశ్చయించుకున్నాను.

ఆ ఇంట్లో ఆరోగ్యం కోసం మేం పడిన శ్రమ రోగులెవరూ పడి ఉండరు.

మొదటిది నిద్ర. కంటినిండా నిద్రపోతే రోగ నిరోధక శక్తి దానంతటదే పెరుగుతుందని మామగారు ఎక్కడో చదివారు. అది ముమ్మాటికీ నిజం కాబట్టి, ఆ విషయం మాకు వివరించడానికి కోడి కూయకముందే లేపేవారు. మేం హాల్లో వరసగా కూర్చుని, తూగుతూ, నిద్ర ప్రాముఖ్యం గురించి వినేవాళ్ళం. ఆయన గాఢనిద్ర ఫొటో ఒకటి గ్రూపులో పెట్టారు. ముఖం ప్రశాంతంగా వచ్చేదాకా మా అత్త మంచం పక్కన ఫోను పట్టుకుని నిలబడింది. ఫొటోలో ఆయన నిద్రపోతున్నారు. పగలంతా ఆమె కునికింది.

రెండోది ఎండ. పొద్దుటెండ వొంటికి మంచిదని నలుగురం మిద్దె మీద తూర్పుకు తిరిగి నిలబడాలి. మబ్బు పడితే మబ్బు పోయేదాకా నిలబడాలి. మా ఆయన గౌతమ్‌కు మట్టి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఏ చేలో ఏ లోపముందో పిడికెడు మన్ను చూసి చెప్పగలడు. నాన్నకు మాత్రం ఏమీ చెప్పలేడు. మబ్బు వైపు, వాచీ వైపు మార్చి మార్చి చూస్తూ నిలబడేవాడు. మొహం మీద ఎండ పడితే ఎంత బాగుండేవాడో! నాకు మబ్బంటే కోపం రాలేదు, ఒప్పుకోవాలి.

ఇక తిండి. రాగి సంగటి, ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పక్కన బొప్పాయి ముక్కలు. ఇంతకన్నా మంచి భోజనం భూమ్మీద లేదు. కానీ ముద్ద పొగలు కక్కుతుండగా తీయాలని ఒక ఫొటో, పొగ కనబడలేదని ఇంకో ఫొటో, ఊరిబిండి గిన్నె నీడ పడిందని మరొకటి. చివరికి సంగటి గట్టిపడి, దానితో గోడకు మేకు కొట్టవచ్చు అనిపించాక భోజనానికి అనుమతి. బొప్పాయి తినడానికి అసలు అనుమతే లేదు. అది ఫొటోల బొప్పాయి. వారం గడిచేసరికి ఇంట్లో నాకన్నా దానికే ఎక్కువ సీనియారిటీ.

చేతులు కడుక్కునే సబ్బు కూడా అంతే. కొత్త సబ్బు, మీద అక్షరాలు చెరగకుండా, పళ్ళెంలో ఫొటోకు సిద్ధంగా ఉండేది. దాన్ని ముట్టుకుంటే అరిగిపోతుంది.

"అన్నిటికన్నా ముఖ్యం," అనేవారు మామగారు గొంతు పెంచి, "మనసు ప్రశాంతంగా ఉండాల. ఎవురు ఆందోళన పడినా నేను ఊరుకునేది లేదు!"

ఇలా చల్లటి సంగటి తిని, నిద్రలేక, ప్రశాంతంగా ఉండాలని హడలిపోతూ గడుపుతుండగా ఒకరోజు గౌతమ్ తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. మామగారు ఒక్క అంగలో వెళ్ళి వీధి కిటికీలు మూశారు. అత్త టీవీ సౌండు పెంచింది. గౌతమ్ దొంగసొత్తుతో పట్టుబడినవాడిలా ముక్కు పట్టుకుని నిలబడ్డాడు.

"రేయ్, ఎవురన్నా విన్నారా?"

"తెలీదు నాయనా. ఎదురింటి షైలజక్క ముగ్గేస్తా ఉన్నింది."

మామగారు గది ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి ఆగారు. ఆయన కళ్ళల్లో పాత వెలుగు. బస్సు చెడిపోతే ప్రయాణికులను ఏ బస్సెక్కించాలో నిర్ణయించే మనిషి మళ్ళీ మేల్కొన్నాడు.

"జలుబుకు పుంగనూరు సర్వీసు. జరం వస్తే కుప్పం సర్వీసు."

పుంగనూరులో ఆయన అక్క గంగులమ్మ ఉంది. కుప్పం నా పుట్టిల్లు. దగ్గరి ఊరికి చిన్న జబ్బు, దూరపు ఊరికి పెద్ద జబ్బు. మదనపల్లెలో మాత్రం ఏ జబ్బూ ఆగదు, నాన్‌స్టాప్.

"అందురికీ ఏమని చెప్పేది?" అంది అత్త.

"చెప్పేదేముండాది? కొత్తగా పెండ్లయినోళ్ళు. విందుకు పోతాండారు."

ఆ తెలివికి నాకు నిజంగా ముచ్చటేసింది. మా వైపు పెళ్ళయిన కొత్తలో బంధువులంతా జంటను పిలిచి విందు చేస్తారు. కొత్త జంట సంచీ పట్టుకుని ఏ ఊరు బస్సెక్కినా ఎందుకని అడిగేవారుండరు. అడిగితే వాళ్ళకే సిగ్గు. మా మామగారు ఆ ఆచారాన్ని ఆంబులెన్సుగా మార్చారు.

గేటు దాటుతుండగానే మునికృష్ణ గారు ఎదురు పడ్డారు. తుపాకీ పైకి లేచింది.

"ఏమప్పా గౌతమ్, కండ్లు ఎర్రగా ఉండాయే?"

గౌతమ్ నోరు తెరిస్తే తుమ్ము ముందు వస్తుంది, మాట తర్వాత. అందుకే నేను అందుకున్నాను.

"పుంగనూరులో విందు సార్. మేనత్తను చూసి చాలా రోజులయింది కదా, తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు."

"మంచిది, మంచిది. ప్రేమాభిమానాలు గూడా ఆరోగ్యమే," అని నా నుదుటికి తుపాకీ పెట్టి, "సాధారణం," అని దీవించారు. గౌతమ్ నుదుటికి కూడా నాదే వర్తింపజేశారు. ఆలుమగలు ఒకటే కదా.

ఆ బస్సు ప్రయాణం నాకు ఎంత నచ్చిందో! కిటికీ పక్క సీటు నాది. మా ఆయన మఫ్లరు సగం ఆయన మెడకు, సగం నా మెడకు. ఊరు దాటాక ఆయన ధైర్యంగా తుమ్మడం మొదలుపెట్టాడు. ప్రతి తుమ్ముకూ నేను 'చిరంజీవ' అన్నాను. ముందు సీటులో పెద్దమ్మ వెనక్కి తిరిగి, "కొత్త జంటా?" అని నవ్వింది. జలుబులో కూడా తెలిసిపోయామంటే మాది మంచి జంటే.

గంగులమ్మత్త వాకిట్లో ఉంది. పక్కన నా నడుమంత ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు. ఇద్దరూ ఒకేసారి మమ్మల్ని తేరిపార చూశారు.

"విందుకొచ్చినాం అత్తా," అన్నాడు గౌతమ్, ముక్కుతో.

"విందుకొచ్చినోడికి ముక్కు యాల కారుతాండాది? మీ నాయన ఏం జేసినాడ్రా నిన్ను? నిద్దర లేదా? మొగం సూడు, నానబెట్టి మరిసిపోయిన సెనగల మాదిరి ఉండాది."

ఆమె ఏ వ్యాసమూ చదవలేదు, మాకు ఏదీ చదివి వినిపించలేదు. సంగటి చేయి కాలుతుండగానే పెట్టింది. మిరియాల చారు గ్లాసుతో తాగమంది. పసుపు వేసి కాచిన నీళ్ళ గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టి, ఒకే దుప్పటి ఇద్దరి మీదా కప్పి, "ఆవిరి పట్టుకోండి, మాట్లాడుకోవద్దు," అని వెళ్ళిపోయింది.

మాట్లాడుకున్నాం. పెళ్ళయ్యాక మామగారి విజ్ఞప్తులు వినబడని చోట మేమిద్దరమే కూర్చోవడం అదే మొదలు. ఆ దుప్పటి కింద పొగమంచులో ఆయన మొహం సరిగా కనబడలేదు. చెయ్యి మాత్రం దొరికింది. ఊటీకి వెళ్ళి డబ్బులు తగలేసేవాళ్ళను చూస్తే అప్పటి నుంచీ నాకు జాలి.

తిన్నాం, పడుకున్నాం, వాకిట్లో ఎండకు కూర్చున్నాం. ఎవరూ ఫొటో తీయలేదు కాబట్టి ఎండ ఎండలాగే ఉంది. నాలుగు పూటలకే జలుబు సర్దుకుంది. వచ్చేటప్పుడు విందు జరిగినట్టు సాక్ష్యంగా లడ్డూల పెట్టె కొనుక్కుని మదనపల్లె చేరాం. మామగారు పెట్టెకు ఫొటో తీసి, 'బంధుప్రీతి - మానసిక ఆరోగ్యం' అని గ్రూపులో పెట్టారు.

తర్వాత అత్తకు జలుబు చేసింది. కొత్త కోడలికి తోడుగా ఆమె విందుకు వచ్చింది. ఆ తర్వాత నాకు జ్వరం వచ్చింది. పలమనేరు మీదుగా కుప్పం సర్వీసు. మా అమ్మ మునీశ్వరి వాకిట్లోనే నా మెడ కింద చెయ్యి పెట్టి చూసింది.

"పెండ్లయిన కొత్తలో మల్లెపూలు పెట్టుకోనొస్తారు గానీ, జరం పెట్టుకోనొస్తారామ్మే?"

"విందుకొచ్చినానమ్మా."

"ఊఁ. పండుకో. గంజి కాస్తా."

ఇంతకీ మా విందుల సంఖ్య పెరిగేకొద్దీ చిక్కు కూడా పెరిగింది. ఒకరోజు షైలజక్క గేటు దగ్గర పట్టుకుంది.

"ఏం సుమలతా, అందురూ విందులు తిని లావెక్కుతారు. నువ్వేంది, తిన్నకొద్దీ చిక్కిపోతాండావు?"

"పథ్యం విందులక్కా," అన్నాను. "మీ పిల్లలు కనబడటం లేదే?"

షైలజక్క మొహం ఒక్క క్షణం మారింది. "సోమలలో వాళ్ళ తాత దగ్గిర ఉండారు. లెక్కలు నేర్చుకుంటాండారు."

పిల్లలు యూకేజీ. వాళ్ళకు అంత అర్జెంటుగా రావాల్సిన లెక్కలేవో నాకు తట్టలేదు. వీధి చివర కదిరప్ప గారి తల్లి కూడా ప్రతి వారం తిరుపతి మొక్కుకు వెళ్ళి, గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేది. గోవింద నామాలు గట్టిగా చెప్పిందట. మా కాలనీలో ఇంత భక్తీ, ఇంత చదువూ, ఇంత బంధుప్రీతీ ఉన్నందుకు కొత్త కోడలిగా నేను గర్వపడ్డాను.

రేపు ఫంక్షననగా ఉపద్రవం వచ్చింది. పొద్దున మిద్దె మీద ఎండకు నిలబడి ఉండగా మామగారు మా వైపు తిరిగి నోరు తెరిచారు. విజ్ఞప్తి రాలేదు. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించారు. ఒక కీచు శబ్దం, తర్వాత వరసగా నాలుగు తుమ్ములు. ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని, కింద వీధిలోకి తొంగి చూశారు. ఆయన కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"నాయనా," అన్నాడు గౌతమ్ మెల్లగా, "పడిశం అందురికీ వస్తాది. ఎంత బాగా తిన్యా, ఎంత బాగా పండుకున్యా, ఒకోసారి వస్తాది. పోతాది. చెప్పేద్దాం. ఏమయితాది?"

మామగారికి అనడానికి గొంతు లేదు. గేటు వైపు చెయ్యి చూపించారు. నాలుగు రంధ్రాలు పై నుంచి కూడా కనబడుతున్నాయి.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమెకూ మొదలైంది. నాకు పొద్దున్నుంచే గొంతులో గరగర. రేపు ఇల్లిల్లూ ఆఖరి తనిఖీ. ఇంట్లో ఉంటే దొరికిపోతాం. అందుకని మరునాడు ఆదివారం పొద్దున్నే ఇంటికి తాళం వేసి నలుగురం పుంగనూరు సర్వీసుకు బయలుదేరాం. మామగారికి తలపాగా చుట్టి, మెడకు మఫ్లరు, పైన శాలువా కప్పాం. పెళ్ళికొడుకుకు కూడా అంత అలంకారం చేయలేదు మేం.

మునికృష్ణ గారు మలుపులోనే ఉన్నారు, తుపాకీతో.

"ఏంది రాయుడన్నా, ఫంక్షను దినం యాడికి? కొత్త జంట సరే. నీకు గూడా విందా?"

మామగారు తల ఊపారు.

"మాట్లాడవే?"

"ఈ రోజు మామగారికి మౌనవ్రతం సార్," అన్నాను నేను. "మాట పొదుపు చేస్తే శక్తి నిలుస్తుందట."

మునికృష్ణ గారు ఆలోచించారు. "మంచి అలవాటే. నేను గ్రూపులో పెడతా. రేపట్నించి అందురూ..." అంటూ ఆయన ఎందుకో చటుక్కున ముక్కు రుద్దుకుని, పక్కకు తిరిగి, జేబురుమాలు తీశారు. "దుమ్ము," అన్నారు. మా నుదుళ్ళు చూడటం మరిచిపోయారు. మేం కూడా గుర్తు చేయలేదు.

బస్సు కదిలాక మామగారు కిటికీలోంచి బస్టాండును చూస్తూ కూర్చున్నారు. లోపల కొత్త గొంతెవరో పలమనేరు బస్సు గురించి చెబుతోంది. ఆయన పెదవులు దాంతోపాటు కదిలాయి.

గంగులమ్మత్త తమ్ముణ్ణి చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"వచ్చినావా? ఒకొక్కర్నే పంపిస్తా ఉంటివి గదా, నువ్వెప్పుడొస్తావా అని నేనూ నా ఆవూ ఎదురు సూస్తాండాం. కూసో. నోరు తెరవద్దు."

"పోయిందక్కా నోరు," అన్నారు మామగారు గాలితో.

"ఇంతకాలానికి దేవుడు నా మొర విన్యాడు."

అందరికీ ఉడుకు నీళ్ళు, అందరికీ చారు. మామగారు పగటిపూట దుప్పటి కప్పుకుని గురక పెట్టి నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుని, తలపాగా జారి, చాలా అందవికారంగా ఉన్నారు. ఎవరూ ఫొటో తీయలేదు. సాయంత్రానికి లేచి, వేడి సంగటి తిని, "రవ్వంత ఊరిబిండి," అని అడిగారు. విజ్ఞప్తి లేకుండా అడిగారు.

అప్పుడే ఫోను మోగింది. మునికృష్ణ గారు. గౌతమ్ స్పీకరు నొక్కాడు. అవతల షామియానా, జనం, మైకు గరగర.

"సభకు నమస్కారం. ఆఖరి తనిఖీ వివరాలు చదువుతాండాను. సంఘం తరఫున అన్ని ఇండ్లూ పరిశీలించడమైనది. ఒక ఇంట్లో దగ్గు. ఒక ఇంట్లో తుమ్ము. ఒక ఇంట్లో తలుపు తీసినారు గానీ దుప్పట్లో ఎవురున్నారో చెప్పలేదు. ఒకే ఒక్క ఇంట్లో దగ్గు లేదు, తుమ్ము లేదు, జరం లేదు, కనీసం చీదిన శబ్దం లేదు. గేటు ముందర చానాసేపు నిలబడి విన్నాను. సంపూర్ణ ప్రశాంతత. కావున తీర్మానం ప్రకారం 'ఆరోగ్య గృహం' బిరుదు శ్రీ చెంగల్రాయుడు గారి ఇంటికి ప్రదానం చేయడమైనది!"

తాళం వేసిన ఇల్లు గెలిచింది. న్యాయమే. ఆ పూట కాలనీలో దానంత ఆరోగ్యంగా ఉన్న ఇల్లు మరొకటి లేదు.

చప్పట్లు. మామగారు పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. ఎవరూ చూడని చోట, పుంగనూరు వాకిట్లో, ఆవు ముందు నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి. జలుబు వల్లనో కాదో నేను చెప్పలేను.

"ఇంకొకసారి చదవమను," అని గౌతమ్ చెవిలో అన్నారు.

"సార్, లైను సరిగా లేదు. పేరు మళ్ళీ చదువుతారా?" అన్నాడు గౌతమ్. అంతకుముందెప్పుడూ గౌతమ్ నాన్న కోసం అంత చక్కటి అబద్ధం చెప్పలేదు.

"శ్రీ... చెంగల్రాయుడు... గారు! ఇప్పుడు వారు ఫోనులో రెండు మాటలు చెప్తారు. ఫోను మైకు దగ్గిర పెడతాండాను. రాయుడన్నా, వ్రతం విడువు. నీ ఆరోగ్య రహస్యం చెప్పు."

మామగారు ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు. మైకు పద్ధతి తెలిసిన మనిషి. బెత్తెడు దూరంలో నోరు పెట్టి, గుండెలనిండా గాలి పీల్చి, తుమ్మారు.

జీవితమంతా మైకు ముందు సాధన చేసిన ఛాతీ అది. ఆ తుమ్ము మదనపల్లె షామియానా మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివరకు ప్లాట్‌ఫారాల వారీగా వినబడి ఉంటుంది.

అవతల నిశ్శబ్దం. మామగారు కళ్ళు మూసుకున్నారు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పుడు అవతల ఎవరో తుమ్మారు. ముసలి గొంతు, కదిరప్ప గారి తల్లి అనుకుంటాను. వెంటనే ఇంకొకరు. సోమలలో లెక్కలు నేర్చుకున్న పిల్లలు కాబోలు, సన్నటి గొంతులతో ఇద్దరు. తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. ఇన్నాళ్ళూ ముక్కులు మూసుకుని బిగబట్టిన కాలనీ ఒక్కసారిగా దగ్గింది, తుమ్మింది, చీదింది. వర్షం మొదలైనట్టు ఉంది ఆ శబ్దం. నాకు ఎంత హాయిగా అనిపించిందో!

మైకు మళ్ళీ గరగరమంది.

"శాంతించండి. శాంతించండి. చెంగల్రాయుడు గారు విందు ఇంట్లో ఉండారు. విందన్నాక తాళింపు ఉంటాది. ఎండుమిరపకాయల ఘాటుకు వచ్చిన తుమ్ము జబ్బు కింద రాదు. సభలోని తుమ్ములు గూడా పక్క ఈదిలో ఎవురో తాళింపు పెట్టినందున వచ్చినవిగా భావించి, పరిగణనలోకి తీసుకోరాదని ఇందుమూలంగా తీర్మానించడమైనది!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఏకగ్రీవం.

"యాడ తాళింపు?" అంది గంగులమ్మత్త, ఆరిపోయిన పొయ్యి వైపు చూసి. "పొయ్యార్పి చానా సేపాయె."

రాయి గేటెక్కింది. నాలుగు రంధ్రాలూ సరిగ్గా సరిపోయాయి. మామగారు రోజూ దాన్ని తడిగుడ్డతో తుడుస్తారు, తన పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు. పోటీ ముగిసింది కాబట్టి బొప్పాయికి పదవీ విరమణ ఇచ్చాం. సంగటి వేడిగా తింటున్నాం, తెల్లారేదాకా నిద్రపోతున్నాం. సబ్బు మీద అక్షరాలు చెరిగిపోయాయి. కాలనీలో ఇప్పుడు ఎవరైనా నిర్భయంగా తుమ్మవచ్చు. తుమ్మిన వెంటనే వంటింటి వైపు చూసి, "తాళింపు," అనాలి, అంతే. వంట చేయని ఇంట్లో కూడా.

మొన్న ఒక సాయంత్రం నేను తుమ్మాను.

"తాళింపు గదమ్మా?" అన్నారు మామగారు పేపరు చాటు నుంచి.

"కాదు మామా. జలుబే. పుంగనూరు సర్వీసు."

నిజం చెప్పాలంటే జలుబు కొంచెమే. దుప్పటి మీదే మనసు. గౌతమ్‌కు అసలు జలుబే లేదు. అయినా తనకు కూడా గొంతు ఎలాగో ఉందని చెప్పి సంచీ సర్దాడు. అలాంటి భర్త దొరకడం నా అదృష్టం.

గంగులమ్మత్త వాకిట్లో అప్పటికే ఒక దుప్పటి గుడారం లేచి ఉంది. లోపల నుంచి ఆవిరి, మూలుగు. ఆవు దూరంగా నిలబడి చూస్తోంది.

"నాయన మనకన్నా ముందు వచ్చేసినాడా ఏంది?" అన్నాడు గౌతమ్.

దుప్పటి అంచు లేచింది. చెమట కారుతున్న ఎర్రటి మొహం బయటికొచ్చింది. మునికృష్ణ గారు.

ఆయన దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకున్నారు.

"విందుకొచ్చినానమ్మా," అన్నారాయన చివరికి.

"ఎవరి పెండ్లి సార్?"

ఆయన ఆవును చూశారు, నన్ను చూశారు. "తుమ్ముకయితే తాళింపు ఉండాది," అన్నారు నీరసంగా. "జరానికి ఏం చెప్పేది? ఈ అడ్రసు షైలజమ్మ చెప్పింది. ఆమెకు కదిరప్ప చెప్పినాడంట."

అందరికీ తెలిసిన రహస్యమన్నమాట. మేమొక్కళ్ళమే రహస్యంగా వచ్చిపోతున్నామనుకున్నాం.

ఆయన ఫోను టింగుమంది. కాలనీ గ్రూపు. అధ్యక్షుల వారి ఈనాటి ఉష్ణోగ్రత ఇంకా రాలేదని ఎవరో అడుగుతున్నారు. మునికృష్ణ గారు దుప్పట్లోంచి చెయ్యి చాపి, జ్వరం తుపాకీ తీశారు. నుదుటికి పెట్టుకుని చూసుకున్నారు. మొహం చిట్లించారు. తర్వాత నింపాదిగా తుపాకీని గంగులమ్మత్త గోడ వైపు తిప్పి, నొక్కి, చూసి, గ్రూపులో 'సాధారణం' అని టైపు చేశారు.

గంగులమ్మత్త ఉడుకు నీళ్ళ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గోడకు జరం లేదు, సంతోషం. ఇంక నువ్వు దుప్పటి కప్పుకో నాయనా."